ఆవును తోలుకెళ్ళింది నేనే

రంపానికి రెండు కొసలు. దుంగ మీద నిలబడి గీత తప్పకుండా పై కొస నడిపేవాడు మునియ్య. కింద గుంతలో నిలబడి, తల మీద గోనెపట్టా కప్పుకుని, రెండో కొస లాగేది అతని పెళ్ళాం చెంచమ్మ. పైనున్నవాడికి ఎండ, కిందున్నదానికి పొట్టు. సాయంత్రం గుంతలోంచి బయటికొచ్చేసరికి ఆమె కనుబొమలు, రెప్పలు, చెవుల మడతలు అన్నీ ఎర్రటి పొడితో నిండిపోయి ఉండేవి. వాళ్ళుండే టాబియా ఊరి చుట్టుపక్కల లైన్లలో, అంటే కూలీల గదుల వరసల్లో, ఉండే ఆడవాళ్ళు ఆమెను చూసి ముక్కున వేలేసుకునేవారు. రంపం లాగే ఆడదాన్ని వాళ్ళు అంతకుముందు చూసి ఉండలేదు.

ఇద్దరిదీ కడప జిల్లా, రాజంపేట కొండల కింద పల్లె. మునియ్య తాతతండ్రులు అడవిలో రంపం పనివాళ్ళు. మద్రాసులో ఓడెక్కి ఫిజీ వచ్చి, లబాసా దగ్గర ఒక ఎస్టేటులో గిర్మిట్ కింద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం కింద, చెరకు నరికి, కాగితం తీరి స్వతంత్రులై అప్పటికి రెండేళ్ళు. గిర్మిట్‌లో ఉండగానే చెంచమ్మ పేరు లైన్లన్నిటికీ తెలుసు. రోజు పని కొలిచే సర్దారు చేతిలో కర్రను ఒకసారి లాక్కుని, తన జానతో కొలిచి, "ఇది అర జాన పొడుగుంది" అని కూలీలందరి ముందూ చెప్పింది. దానికి ఆమెకు వారం కూలి పోయింది. కర్ర మాత్రం మారింది.

ఆ ఏడు, అంటే 1913లో, వానలు తగ్గాక పోస్టాఫీసు గోడ మీద ఒక నోటీసు అంటించారు. ఎర్రవాగు మీద వంతెన వేస్తారట. అక్కడి దారుల బాగోగులు చూసే కమిటీ ఒకటి ఉండేది. వంతెనకు నూట ఇరవై పలకలు కావాలని ఆ కమిటీ టెండరు పిలిచింది. పలకలన్నీ వెసి కర్రవే ఉండాలి, మాను నడిమి చేవ భాగమే ఉండాలి, బెరడు కింది మెత్తని తెల్లచెక్క ఉండకూడదు అని రాశారు. వెసి అంటే ఫిజీవాళ్ళు తమ పడవలకు, ఇంటి స్తంభాలకు వాడే కర్ర. నీళ్ళలో ఏళ్ళ తరబడి నానినా పుచ్చదు. దాన్ని కోయడం మాత్రం ప్రాణం తీసే పని. రెండు గీతలు కోసేసరికి రంపం పళ్ళు అరిగిపోతాయి. అందుకే మునియ్య తప్ప ఇంకెవరూ టెండరు వేయలేదు. పని అతనికే వచ్చింది.

చెట్ల కోసం ఇద్దరూ వాగు ఎగువన ఉన్న ఫిజీ పల్లెకు వెళ్ళారు. ఆ నేల, ఆ చెట్లు ఆ పల్లెవాళ్ళవి. వాళ్ళ ఆచారం తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, ఒక కట్ట యంగోనా వేర్లు తీసుకెళ్ళి పల్లె పెద్ద ముందు పెట్టారు. ఊరంతా చాప మీద కూర్చుని ఉంది. పెద్ద చప్పట్లు కొట్టి ఆ కట్ట అందుకున్నాడు. వేర్లు దంచి నీళ్ళలో కలిపి చిప్పలో ఇస్తే అందరూ తాగారు. ఆ తర్వాత చెట్టుకు ఇంతని ధర మాట్లాడుకున్నారు. చెంచమ్మ బేరమాడింది, పెద్ద నవ్వాడు, కుదిరింది.

మొదటి నలభై పలకలు కోసి, ఎడ్లబండి మీద వాగు ఒడ్డుకు చేర్చారు. కమిటీ తరఫున పలకలు చూసి తీసుకోవలసినవాడు ఓవర్సీరు దొర. అతని చేతిలో ఒక చిన్న సుత్తి ఉండేది. దాని మొనకు ఒక అక్షరం చెక్కి ఉంటుంది. బాగున్న పలక మీద కొడితే ముద్ర పడుతుంది. ముద్ర పడినదానికే పైకం.

ఓవర్సీరు నలభైలో తొమ్మిదింటికి ముద్ర కొట్టాడు. మిగతావి బూటుతో తన్నాడు. ఒకటి పగులన్నాడు, ఒకటి ముడి అన్నాడు, ఒకటి వంకర అన్నాడు. మునియ్య మోకాళ్ళ మీద కూర్చుని పలక వెంబడి చూసి, "వంకర యాడుంది దొరా?" అని అడిగాడు. దొర అప్పటికే గుర్రమెక్కాడు. రెండోసారి ముప్ఫై ఆరు తీసుకెళ్తే నాలుగింటికి ముద్ర పడింది.

మర్నాడు ఓవర్సీరు దగ్గర గుమాస్తాగా ఉండే రామ్ నారాయణ వాళ్ళ గుడిసెకు వచ్చాడు. కాశీ వైపు మనిషి, ఇంగ్లీషు వచ్చు, తెలుగు కూడా నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. మంచం మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, పాకలో దూడతో కట్టేసిన ఎర్రావు వైపు చూశాడు.

"మునియ్యా, సునో. సాబ్ ఇంట్లో చిన్న బిడ్డ. మేమ్‌సాబ్‌కు మంచి పాలు దొరకడం లేదు" అన్నాడు.

"పాలు రోజూ పంపిస్తాలే" అంది చెంచమ్మ.

"పాలు పంపితే మధ్యలో విరుగుతాయి, బహిన్." రామ్ నారాయణ గ్లాసు కింద పెట్టి లేచాడు. "నేనేమీ అడగలేదు. మీ ఇష్టం."

అతను వెళ్ళాక మునియ్య అప్పులు లెక్కపెట్టుకున్నాడు. అరువు తెచ్చుకున్న బియ్యం, బండివాడి కిరాయి, పల్లె పెద్దకు ఇవ్వాల్సిన చెట్ల ధర అన్నీ ఇద్దరికీ తెలిసినవే. చివరికి అతను, "నాకు చేతకాదు. నువ్వే తోలుకుపో" అన్నాడు. చెంచమ్మ అతన్ని తిట్టింది. ఆవును పాకలోంచి విప్పేటప్పుడు కూడా తిడుతూనే ఉంది. అయినా తోలుకుపోయింది.

ఓవర్సీరు వరండాలోకి వచ్చి, ఆవు మెడ మీద తట్టి, దూడను చూసి ముచ్చటపడ్డాడు. ఎందుకు తెచ్చావనీ, ఎంత అనీ అడగలేదు. వంటవాడు వచ్చి తాడు అందుకున్నాడు. చెంచమ్మ వట్టి చేతులతో ఇంటికొచ్చింది.

మర్నాడు ఓవర్సీరు సుత్తి పట్టుకుని వాగు ఒడ్డుకొచ్చాడు. ముందు వద్దన్న పలకలన్నిటికీ వరసగా ముద్రలు కొట్టుకుంటూ పోయాడు. వంగి చూడలేదు. నోట్లోంచి చుట్ట కూడా తీయలేదు. ఆ వరస చివర పదకొండు పలకలు విడిగా ఉన్నాయి. అవి తెల్లచెక్క పడినవి. మంచి పలకలు నేలకు తగలకుండా మునియ్య వాటిని అడుగున వేయడానికి తెచ్చాడు. ఓవర్సీరు వాటికీ ముద్రలు కొట్టాడు.

చెంచమ్మ పరిగెత్తుకుంటూ వెళ్ళి, "అయ్యో, అవి కాదు దొరా! అవి వంతెనకు పనికిరావు, చెక్క మంచిది కాదు!" అని తెలుగులోనూ హిందీలోనూ అరిచింది. ఓవర్సీరు ఆమె వైపు చూసి నవ్వి, ఆఖరి పలక మీద కూడా ఠప్పున కొట్టి వెళ్ళిపోయాడు.

ఆవును ఇచ్చినప్పుడు కలగని భయం చెంచమ్మకు అప్పుడు కలిగింది. నిన్నటిదాకా మంచి పలకను చెడ్డదన్న మనిషి, ఇవాళ చెడ్డ పలకను మంచిదంటున్నాడు. తన ఆవుతో తాను కొన్నది న్యాయం అనుకుంది. తీరా చూస్తే ఆమె కొన్నది గుడ్డితనం. ఆ సాయంత్రం బాడిసె తీసుకుని పదకొండు పలకల మీదా ముద్రలు చెక్కేసి, వాటిని చీల్చి పొయ్యిలో పెట్టింది. "ముద్ర పడినదాన్ని తగలబెడతారా ఎవరైనా?" అని మునియ్య గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలని అనిపించింది. కానీ ఎవరితో చెప్పాలి? చెబితే ఆవును ఇచ్చింది ఎవరని అడుగుతారు. నోరు మూసుకుంది.

ఎనభై మంచి పలకలు చేరాక రామ్ నారాయణ వచ్చి, కమిటీ దగ్గర పైకం అయిపోయిందనీ, వాగు అవతలి భాగానికి కావలసిన నలభై పలకలు వాళ్ళే చూసుకుంటారనీ చెప్పాడు. ఒక కాగితం మీద మునియ్య వేలిముద్ర వేయించుకుని, ఎనభై పలకల పైకం లెక్కపెట్టి ఇచ్చాడు. మునియ్య దణ్ణం పెట్టి పుచ్చుకున్నాడు.

ఐదు నెలల తర్వాత ఆ వంతెన అవతలి భాగం విరిగింది.

విరిగినప్పుడు దాని మీద ఉన్నది బిమ్లా. లైన్లలో ఉండే మనిషి, ఇంకా గిర్మిట్ కింద పనిచేస్తోంది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, మూడు పలకలు ఒక్కసారి కుంగి, రాళ్ళ మీద పడింది. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో దొర డాక్టరు కట్టుకట్టి, కాలు నిలుస్తుంది గానీ ఇక తిన్నగా ఉండదని చెప్పాడు.

రెండో రోజున పోలీసులు వచ్చి మునియ్యను పట్టుకుపోయారు. కాంట్రాక్టులో మోసం చేశాడట. వెసి కర్ర ఇస్తానని ఒప్పుకుని పుచ్చు కర్ర అంటగట్టాడట. కాగితం మీద నూట ఇరవై పలకలూ మునియ్యే ఇచ్చినట్టు రాసుంది. కింద అతని వేలిముద్ర ఉంది.

చెంచమ్మ ముందు ఆసుపత్రికి వెళ్ళింది. బిమ్లా మంచం పక్కన నేల మీద కూర్చుని, ఏమీ దాచకుండా జరిగినదంతా చెప్పింది. ఆవును తోలుకుపోయిన సంగతీ, ఓవర్సీరు చూడకుండా ముద్రలు కొట్టిన సంగతీ చెప్పింది. బిమ్లా పైకప్పు వైపు చూస్తూ అంతా వింది.

"అంటే ఆ దొర చూడకుండా ముద్ర కొడతాడని నీకు తెలుసు" అంది చివరికి.

"తెలుసు."

"అప్పుడే చెప్పి ఉంటే నా కాలు తిన్నగా ఉండేది కదా, బహిన్."

చెంచమ్మ ఆమె కాలి మీది దుప్పటి సరిచేసింది. లేచి, "ఈసారి చెబుతా" అంది. బిమ్లా ఇటు తిరగలేదు.

విచారణ రోజున లబాసా మేజిస్ట్రేటు కోర్టు వరండా నిండా జనం ఉన్నారు. రేకు కప్పు కింద లోపల ఉడికిపోతోంది. విరిగిన పలకలు మూడు బల్ల ముందు నేల మీద పెట్టారు. ఒక పక్క ఓవర్సీరు, అతని పక్కన రాజధాని సువా నుంచి వచ్చిన కమిటీ వకీలు కూర్చున్నారు. మునియ్యకు వకీలు లేడు. అతని తరఫున సాక్షి ఒక్క చెంచమ్మే.

ఆమెను బోనులోకి పిలిచారు. ఆమె మాటలను ఇంగ్లీషులో చెప్పడానికి ముందుకొచ్చినవాడు రామ్ నారాయణ. ఆ చిన్న ఊళ్ళో కోర్టుకు దుబాసీ కావలసి వచ్చినప్పుడల్లా అతన్నే పిలిచేవారు.

"ఈయన వద్దు" అంది చెంచమ్మ.

రామ్ నారాయణ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆమె అతన్ని వేలితో చూపించి, తల అడ్డంగా ఊపి, మేజిస్ట్రేటు వైపు తిరిగి, వచ్చిన హిందీలో గట్టిగా అంది: "ఈ మనిషి నా ఇంటికి ఓవర్సీరు మాట మోసుకొచ్చాడు. నా మాట ఇతను మోయకూడదు."

వరండాలో గోల లేచింది. మేజిస్ట్రేటు బల్ల మీద చరిచాడు. హిందీ కొంత తెలిసిన నడివయసు మనిషి, ముక్కు మీద చెమట తుడుచుకుంటూ, మరి ఈమె భాష ఇంకెవరికి వచ్చని అడిగాడు. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్, వేలు అనే అతను, చెయ్యెత్తాడు. చిత్తూరు దగ్గర పుట్టిన అరవ మనిషి, తెలుగు బాగా వచ్చు. ఇంగ్లీషు మెల్లగా, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ మాట్లాడతాడు. అతని చేత ప్రమాణం చేయించారు.

"భయపడొద్దక్కా. నిదానంగా చెప్పు" అన్నాడు వేలు.

"భయం ఎందుకు? నువ్వు మాత్రం ఒక్క మాట కూడా మింగొద్దు" అంది చెంచమ్మ.

ముందు ఆమె విరిగిన పలక తీసి చూపించమంది. పలక పక్కన తన వేలు పెట్టి గీతలు చూపించింది. "ఇవి చూడండి. వంకీ తిరిగి, నెలవంకల్లాగా ఉండాయి. గుండ్రంగా తిరిగే ఆవిరి రంపం కోస్తే ఇట్ల పడతాయి. మేం చేత్తో కోస్తాం. మా కోతకు గీతలు తిన్నగా, ఏటవాలుగా పడతాయి. వాగు ఇవతలి భాగంలో ఏ పలకైనా ఊడదీసి తెప్పించండి."

మేజిస్ట్రేటు ఒక జవానును పంపాడు. గంట తర్వాత ఇవతలి భాగంలోంచి తెచ్చిన పలకను విరిగినదాని పక్కన పెట్టారు. దాని మీద తిన్నని గీతలున్నాయి, ముద్ర ఉంది. విరిగినదాని మీదా అదే ముద్ర ఉంది. మేజిస్ట్రేటు బల్ల దిగి వచ్చి, రెంటినీ గోటితో గీకి చూశాడు. ఒకటి ఇనుములా ఉంది, రెండోదానిలో గోరు దిగింది. ఆ చుట్టుపక్కల ఆవిరి రంపం ఉన్నది ఒక్కరికే. పెద్ద దుకాణం నడిపే దొర, కమిటీలో మెంబరు కూడా. మెంబరు తన కమిటీకే సరుకు అమ్మకూడదు. అందుకని మునియ్య పేరు కింద అమ్మాడు. ఆ సంగతి గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తట్టింది.

వకీలు లేచాడు. "ప్రతి పలక మీదా ఓవర్సీరుగారి ముద్ర ఉంది. అంత పేరున్న అధికారి పుచ్చు కర్రకు ముద్ర ఎందుకు వేస్తారు?"

"ముద్ర అమ్ముతాడు కాబట్టి" అంది చెంచమ్మ.

వేలు ఆగాడు. "అక్కా, ఇది చెప్పనా?"

"చెప్పు."

చెప్పాడు. వకీలు నవ్వి, "ఆమెకెలా తెలుసు?" అన్నాడు.

మేజిస్ట్రేటు చెయ్యెత్తి వకీలును ఆపాడు. చెంచమ్మ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. వేలు చెమటలు కక్కుతూ తెలుగులో చెప్పాడు: "దొర ఏమంటాడంటే, ఈ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పాల్సిన పని లేదు. చెబితే అది నీ మీదికే నేరంగా రావచ్చు. వద్దంటే ఎవరూ నిన్ను బలవంతం చేయరు."

బోను పక్కన నిలబడ్డ మునియ్య, "వద్దే! నా మాట విను, వద్దు" అన్నాడు. రామ్ నారాయణ గోడకు ఆనుకుని కళ్ళు నేలకు దించుకున్నాడు.

చెంచమ్మ కొంగు బిగించుకుంది. "నాకెలా తెలుసంటే, నేను కొన్నా. మా ఎర్రావును, దూడతో సహా, ఈ ఓవర్సీరు ఇంటికి తోలుకెళ్ళింది నేనే. నా మొగుడు కాదు. ముందురోజు దాకా మా పలకలు పనికిరానివి. ఆవు పోయిన మర్నాడు అవే పలకలు మంచివయ్యాయి. మేం పక్కన పారేసిన తెల్లచెక్కకు కూడా ముద్రలు పడ్డాయి. అవి నేను పొయ్యిలో పెట్టినా. ఇదంతా రాసుకోండి. లంచం ఇచ్చినా అని రాయండి."

వేలు ఆ చివరి మాట దగ్గర తడబడలేదు. అరవంలోనూ అది లంచమే, దాని ఇంగ్లీషు మాట అతను కోర్టులో ఎన్నోసార్లు విన్నాడు.

ఓవర్సీరు ఎర్రబడ్డ మొహంతో లేచి, ఆవును తాను కొనుక్కున్నాననీ, డబ్బు ఇంకా ఇవ్వలేదంతేననీ అన్నాడు. "ఏడు నెలలైంది. నా ఇల్లు యాడికీ పోలేదు" అంది చెంచమ్మ.

వకీలు దారి మార్చాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "అమ్మా, మీ దేశంలో పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో పోరు కదా. పండో పూవో, గేదో ఆవో, ఏదో ఒకటి ఇవ్వడం మీ మర్యాద. దాన్ని ఇంగ్లీషువాళ్ళ కోర్టులో నేరమనడం మీ ఆచారాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే."

"మర్యాద వేరు, లంచం వేరు. మా భాషలో రెండు మాటలుండాయి. ఆ తేడా మాకు తెలుసు" అంది ఆమె.

"తెలుసా? చెట్ల కోసం ఫిజీ పల్లె పెద్దకు యంగోనా కట్ట ఇచ్చారు కదా? అది ఇస్తేనే గదా చెట్లు ఇచ్చాడు? మరి అది లంచమా, కాదా?"

వేలు తెలుగులో చెబుతుంటే వరండాలో జనం ముందుకు తోసుకొచ్చారు. చెంచమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఈ మాట ఆమెకు ఎప్పుడూ ఎదురు కాలేదు. కానీ జవాబు ఆమె చేతుల్లో ఉన్నట్టే తోచింది.

"ఆ కట్ట ఊరందరి ముందూ పెట్టినా. అందరూ తాగారు. ఆ చెట్లు వాళ్ళవి. తన చెట్లు తన ఇష్టమొచ్చినవాళ్ళకి ఇస్తాడు, వద్దంటే మానేస్తాడు. అది బేరం." ఆమె ఓవర్సీరు వైపు చెయ్యి చాపింది. "ఆ వంతెన ఈయన సొత్తా? బిమ్లా నడిచే దారి ఈయన అత్తగారిల్లా? కమిటీ ఇతన్ని కాపలా పెట్టింది. కాపలాదారు తనది కానిదాన్ని, సొంతదారుకు తెలియకుండా నాకు అమ్మాడు. నేను కొన్నా. అది బేరం కాదు. దొంగతనంలో పొత్తు."

వకీలు ఆఖరి ప్రయత్నంగా అడిగాడు: "ఆవును ఇస్తే ముద్ర కొడతానని ఓవర్సీరుగారు నీతో అన్నారా? ఎవరైనా ఆ మాట అన్నారా?"

"ఎవరూ అనలేదు. అది మంచి మాటే అయితే నోరు తెరిచి అని ఉండేవాళ్ళు."

వేలు దాన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. మేజిస్ట్రేటు ఒక లావుపాటి పుస్తకం తెప్పించి, పేజీ తిప్పి, వకీలుకు వినపడేలా చదివాడు. వేలు దాన్ని తనకు తెలిసినట్టు చెప్పాడు: ఇంకొకరి పని చూడడానికి పెట్టిన మనిషి, ఆ పని విషయంలో, తనను పెట్టినవాళ్ళకు తెలియకుండా బహుమతి పుచ్చుకుంటే అది అవినీతి. ముందు పుచ్చుకున్నా, పని అయ్యాక పుచ్చుకున్నా అంతే. దానివల్ల నష్టం జరిగిందా లేదా అన్నది ప్రశ్న కాదు. దేశాచారం అనడం సమాధానం కాదు. ఇచ్చినవాళ్ళూ నేరస్తులే.

"ఆ చివరిది నీ గురించి అక్కా" అన్నాడు వేలు మెల్లగా.

"వినపడింది" అంది చెంచమ్మ.

ఆ మధ్యాహ్నమే మునియ్యను వదిలేశారు. ఓవర్సీరు మీద కేసు కట్టి సువాకు పంపమని మేజిస్ట్రేటు రాశాడు. వారం తిరక్కుండా చెంచమ్మను అదే బోనులో మళ్ళీ నిలబెట్టారు, ఈసారి ముద్దాయిగా. ఆమె నేరం ఒప్పుకుంది. మేజిస్ట్రేటు ఐదు పౌండ్ల జుల్మానా, కట్టకపోతే పధ్నాలుగు రోజుల జైలు అన్నాడు. శిక్ష తక్కువే వేశానని కూడా అన్నాడు. ఆవు సంగతేమిటని ఆమె అడిగితే, లంచంగా ఇచ్చినది తిరిగి రాదనీ, చట్టప్రకారం అది కమిటీకి చెందుతుందనీ చెప్పాడు.

"మేం సాకిన ఆవు, కమిటీకా?" అంది.

"కమిటీకే."

"సరే. అయితే దాన్ని ఏం చేశారో కాగితం మీద రాసి గోడకు అంటించండి."

జుల్మానా కట్టడానికి లైన్లలోని వాళ్ళు పైకం పోగు చేసి తెచ్చారు. మునియ్య ఆ మూట పట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడ్డాడు. చెంచమ్మ వద్దంది. "ఒకసారి కొని చూసినా గదా. మళ్ళీ కొనుక్కోను" అని లోపలికి వెళ్ళింది. పధ్నాలుగు రోజులు గోనెసంచులు కుట్టింది. జైల్లో చాపలు మంచివి కావనీ, అన్నంలో రాళ్ళున్నాయనీ వార్డరుతో రోజూ తగువు పెట్టుకుంది. బియ్యం ఎవరు సప్లై చేస్తున్నారని కూడా అడిగింది.

సువాలో ఓవర్సీరు కేసు నడిచినప్పుడు ఆమె స్టీమరు ఎక్కి వెళ్ళి అవే మాటలు అక్కడా చెప్పింది. అక్కడ తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్ళందరూ దొరలే. ఆవు వచ్చిన మాట నిజమేననీ, దురుద్దేశం మాత్రం రుజువు కాలేదనీ అతన్ని వదిలేశారు. కోర్టు మెట్ల మీద నిలబడి చెంచమ్మ తెలుగులో తిట్టిన తిట్లను దుబాసీగా వెంట వచ్చిన వేలు ఎవరికీ తర్జుమా చేయలేదు. అయితే కమిటీ ఆ ఓవర్సీరును తిరిగి పనిలోకి తీసుకోలేదు. రెండు నెలల తర్వాత అతను సిడ్నీ ఓడెక్కాడు. దుకాణం దొరను మెంబరుగా తీసేసి, నలభై పలకల పైకం అతని దగ్గర వసూలు చేశారు. రామ్ నారాయణ ఇంకో జిల్లాకు బదిలీ అయ్యాడు.

అంతా తేలాక చెంచమ్మ మళ్ళీ బిమ్లా దగ్గరికి వెళ్ళింది. అప్పటికి ఆమె కర్ర పట్టుకుని లైను గది ముందు నాలుగడుగులు వేస్తోంది. "వాడికి శిక్ష పడలేదు" అని చెప్పింది చెంచమ్మ. బిమ్లా, "నీకు పడిందిగా" అని, కూర్చోమని పీట చూపించింది.

వంతెన అవతలి భాగానికి కమిటీ కొత్తగా టెండరు పిలిచింది. ఈసారి కవర్లన్నీ కోర్టు వరండాలో, వేసినవాళ్ళందరి ముందూ విప్పుతామని నోటీసులో రాశారు. ఐదుగురు వేశారు. కొత్త ఓవర్సీరు ఒక్కొక్కటే విప్పి ధర బయటికి చదివాడు. మునియ్య ధర రెండోది. అతనికంటే తక్కువకు వేసినవాడు కాంతి. సవుసవు వైపు నుంచి వచ్చిన మనిషి, ఇద్దరు అన్నదమ్ములతో కలిసి రంపం పని చేస్తాడు. పని అతనికి వెళ్ళింది.

చెంచమ్మ తిన్నగా కాంతి బండి దగ్గరికి పోయి, నమూనాకు తెచ్చిన పలకను రెండు వైపులా తిప్పి చూసింది. కొసను గోటితో గీకింది, వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వింది. కాంతి ఏమంటుందోనని నిలబడి చూస్తున్నాడు.

"మంచి చేవే" అని అతని చేతికి ఇచ్చేసింది.

టాబియా దారి పట్టాక మునియ్య మీద విరుచుకుపడింది. "అంత ధర వేయమని నీకెవరు చెప్పారయ్యా? చెట్టుకు నేను బేరమాడి తగ్గించింది గుర్తు లేదా? వచ్చేసారి కాగితం మీద ధర నేను చెబుతా."

"నువ్వే చెబుదువులే" అన్నాడు మునియ్య.